ఆపినోళ్లే ఒగ్గాల

రజనీకుమారికి ఆ పొద్దున కోపం వచ్చింది హెల్మెట్ మీద. ఢిల్లీ నుంచి పార్లమెంటు సభ్యుల కమిటీ భిలాయి ఉక్కు కార్ఖానా చూడటానికి వస్తోందని, ఆమె పనిచేసే రిపేరు షాపులో అందరికీ కొత్త హెల్మెట్లు పంచారు. ఆమెదీ కొత్తదే, పసుప్పచ్చగా తళతళలాడిపోతోంది. ఆమె క్రేనుకు కింద నుంచి సైగలిచ్చే పోలయ్యకు మాత్రం ఇవ్వలేదు. నెలాఖరుకు వెళ్లిపోయే మనిషికి కొత్త హెల్మెట్ దండగ అన్నాడట స్టోర్సు గుమస్తా. ఆ మాట చెవిన పడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన హెల్మెట్ ఊడదీసి పోలయ్య చేతిలో పెట్టబోయింది.

"నాకెందుకే అమ్మీ? పాతది నా బుర్రకి అలవాటైపోనాది. కొత్తదెట్టుకుంటే దురద," అని నవ్వేశాడాయన.

ఈ నవ్వే ఆమెను మరీ మండించేది. పని పోతున్నది తనకు కాదన్నట్టు, పక్కింటివాడికెవరికో అన్నట్టు నవ్వుతాడు.

రజని నడిపేది క్రేను. షాపు కప్పు కింద ఈ చివర నుంచి ఆ చివరికి పట్టాల మీద నడిచే పెద్ద క్రేను. రోలింగ్ మిల్లుల్లో అరిగిపోయిన ఉక్కు రోలర్లు ఆ షాపుకే వస్తాయి. ఒక్కొక్కటీ ఏనుగంత బరువు. రోలరును తిప్పుతూ చెక్కే లేతు యంత్రం మీదికి ఎక్కించాలన్నా, దించాలన్నా, తిరిగి బండి మీద పెట్టాలన్నా పైన గాజు క్యాబిన్లో కూర్చున్న రజని చేతిలోనే ఉంది. అయితే పైనుంచి ఆమెకు సగమే కనిపిస్తుంది. దారికి అడ్డంగా లావుపాటి స్తంభాలు, కింద లేతుల గుంపు. వేలాడే రోలరుకు అవతల ఎవరున్నారో తెలియదు. ఆ హోరులో అరిచినా వినిపించదు. కింద నిలబడి పోలయ్య చేతులతో ఏం చెబితే అదే ఆమెకు చూపు. చూపుడువేలు పైకెత్తి సుడి తిప్పితే ఎత్తు. కిందికి తిప్పితే దించు. కూరలో ఉప్పు వేస్తున్నట్టు బొటనవేలూ చూపుడువేలూ నలిపితే చిటికెడు దించు. ఆ ఆఖరుది ఏ పుస్తకంలోనూ లేదు, పోలయ్య సొంతం. రోలరు సరిగ్గా లేతు మీద కూర్చునే వేళ ఆ ఉప్పు సైగ కోసం ఆమె ఊపిరి బిగబట్టి చూస్తుంది.

ఆయన ఆమెకు పరాయివాడేమీ కాదు. వాళ్ల నాన్న నరసింగరావు విజయనగరం వైపు నుంచి ఖలాసీ పనికి, అంటే పెద్ద పెద్ద బరువులకు తాళ్లు కట్టి లేపే పనికి వచ్చినప్పుడు, ఆ ముఠాలో అందరికంటే చిన్నవాడు పోలయ్య. నరసింగరావుకు పర్మనెంటు అయింది. పోలయ్యకు కాలేదు, ఎందుకు కాలేదంటే ఎవరూ చెప్పలేరు. కాంట్రాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు మారారు, ఆయన మాత్రం అదే షాపులో అదే చోట నిలబడిపోయాడు. నాన్న పోయిన తర్వాత రజని ఆపరేటరుగా మొదటిసారి నిచ్చెన ఎక్కిననాడు, కాళ్లూ చేతులూ ఆడక కూర్చున్న పిల్లకు కింద నుంచి సైగలిచ్చింది ఈయనే. అప్పట్నుంచీ ఆయన మావ, ఆమె అమ్మీ.

ఇప్పుడు క్రేనుకు ఒక కెమెరా తగిలించారు. క్యాబిన్లో చిన్న తెర, పక్కన వాకీటాకీ. ఇవి ఉండగా కింద చేతులూపే మనిషి దేనికని పైనుంచి మాట వచ్చింది. తెర మంచిదే, కాదనడానికి లేదు. కానీ దాంట్లో రోలరు వీపు కనిపిస్తుంది తప్ప దాని కింద ఎవరి పాదముందో కనిపించదు. రజని ఈ సంగతి చెప్పగలిగిన వాళ్లందరికీ చెప్పింది. తన చేతి కింద ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు నలిగిపోతారని ఆమె భయం. ఆ భయాన్ని నోరు విడిచి చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి కూడా కాదు.

షాపు మేనేజరు రమాకాంత్‌కు ఎక్కువసార్లు చెప్పింది. ఆయన భిలాయి పక్కనే ఉన్న ఉతై వైపు మనిషి, ఛత్తీస్‌గఢీ ఇంట్లో, హిందీ ఆఫీసులో. ఖలాసీల మధ్య పనిచేసి పనిచేసి తెలుగు కూడా పట్టుబడింది. మంచివాడే, కానీ నోట్లో నాలుక లేదని రజని అభిప్రాయం.

"రజనీజీ, మీరు పైనే ఉండండి. మీ పని మీరు చేసుకోండి. వాళ్లు చూసి వెళ్లిపోతారు, బస్," అన్నాడా పొద్దున. "ఏమైనా అడిగితేనే మాట్లాడండి."

"మరి మావ సంగతి ఎవరు మాట్లాడతారు సర్?"

రమాకాంత్ చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. "మై దేఖ్‌తా హూఁ," అన్నాడు. చూస్తాను చూస్తానని చాన్నాళ్లుగా అంటూనే ఉన్నాడు.

ఆ షాపులో క్రేనుకు రెండు కట్టుబాట్లున్నాయి. అవి తెలియకపోతే తర్వాత జరిగింది బోధపడదు కనుక చెప్పుకోవాలి. మొదటిది ఎక్కడైనా ఉండేదే. ఎత్తమనీ దించమనీ చెప్పే సైగలు పోలయ్యవి ఒక్కటే చెల్లుతాయి. కానీ రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ ఊపారంటే మాత్రం, ఊపింది ఎవరైనా సరే, ఎందుకని అడక్కుండా ఆపెయ్యాలి. ఊడ్చే మనిషి ఊపినా ఆగాలి, జనరల్ మేనేజరు ఊపినా ఆగాలి. రెండోది ఖలాసీలు తమ ఊళ్ల నుంచి తెచ్చుకున్నది. ఆపినవాళ్లే దగ్గరికొచ్చి, బరువు చుట్టూ ఒకసారి తిరిగి, కళ్లారా చూసుకుని, ఒగ్గాలి. ఒగ్గడమంటే ఆ వైపు మాటలో వదలడం. వాళ్లు ఒగ్గేదాకా క్రేను కదలడానికి వీల్లేదు. "బయం ఎవులికి పుట్టిందో ఆళ్లకే తీరాల" అనేవాడు నరసింగరావు.

రమాకాంత్‌కూ ఇది అనుభవమే. ట్రైనీగా వచ్చిన కొత్తల్లో గాల్లో తేలుతున్న రోలరును చూసి, అది తన నెత్తి మీదికే వస్తోందనుకుని చేతులు రెండూ ఊపేశాడు. అదేమో ఎక్కడో షాపు అవతలి కొసన ఉంది. అందరూ పగలబడి నవ్వారు. పోలయ్య నవ్వలేదు. కుర్ర ఇంజనీరు చెయ్యి పట్టుకుని రోలరు చుట్టూ తిప్పి, తాళ్లు తడిమించి, "బయం తీరినాదా బావూ? తీరితే ఒగ్గండి" అన్నాడు. రమాకాంత్ అరచెయ్యి చాపి ఒగ్గాడు. ఆ తర్వాత ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేదు.

సరే, కమిటీ వచ్చింది. ఊడ్చేవి ఊడ్చారు, పూసేవి పూశారు, ఆ భాగవతం చెప్పుకోవడానికేముంది, ఎక్కడైనా అంతే. ప్రభుత్వ సంస్థలు జనం సొమ్ముతో ఏం చేస్తున్నాయో అడిగి తెలుసుకునే కమిటీ అది. నడుస్తున్న సభ్యుల గుంపుకు ముందొక అధికారి, వెనకో అధికారి. కార్ఖానా ఢిల్లీ ఆఫీసు నుంచి వెంట వచ్చిన ఒక పెద్ద దొర అన్నిటికీ తానే జవాబు చెబుతున్నాడు. సభ్యుల్లో ఒకాయన కనకరత్నంగారు, మన ఆంధ్రాలో సముద్రం వైపు నుంచి గెలుస్తూ వస్తున్న పెద్దమనిషి. హెల్మెట్ కనుబొమల మీదికి జారి, దాన్ని మాటిమాటికీ పైకి తోసుకుంటూ నడుస్తున్నారు.

పైన క్రేను నడుపుతున్నది తెలుగమ్మాయి అని ఆయన చెవిన ఎవరు వేశారో, అక్కడ మొదలైంది. "మన పిల్లా?" అని సంబరపడిపోయి తలెత్తి చూశారు. గాజులోంచి రజని ముఖం కనిపించింది. అంతే, ఓపెన్ జీపు మీద నిలబడి ఊరేగేటప్పుడు మేడ మీది జనానికి చేసినట్టు, రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ ఊపేశారు.

అప్పుడే రజని ఒక రోలరును నేల మీద నుంచి లేపింది. పోలయ్య వేలు సుడి తిరుగుతోంది. ఆ వేలి వెనకాల రెండు చేతులు ఊగాయి. ఎవరివో ఆమె చూడలేదు. చూడాల్సిన పని లేదు. బుర్ర ఆలోచించే లోపలే చెయ్యి ఆపేసింది.

రోలరు గాల్లో ఆగిపోయింది. కింద గుంపంతా ఆగిపోయింది. రమాకాంత్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఢిల్లీ దొర, "ఏమైంది? చెడిపోయిందా?" అని గదమాయించడం పెదాల కదలికను బట్టే తెలుస్తోంది. కనకరత్నంగారు మాత్రం తన గౌరవార్థమే ఆపారనుకుని ఇంకా హుషారుగా ఊపుతున్నారు. ఓలమ్మో, ఇది ఉత్త పలకరింపని రజనికి అప్పుడు అర్థమైంది. తెలిసినా ఇక చేసేదేమీ లేదు, ఆపింది ఆపిందే.

ఆ తర్వాత కింద నడిచిన మాటలు పైకి వినిపించలేదు. తర్వాత పోలయ్య చెప్పగా చెప్పగా షాపులో అందరికీ కంఠతా వచ్చేశాయి.

"బావూ, మీరు సేతులు దించీయండి. క్రేను ఆపినారు మీరు."

"నేనా? అమ్మాయికి నమస్కారం చెప్పానయ్యా! ఎలక్షన్లో ఊపినట్టు ఊపాను."

"ఎలక్షన్లో ఏటైనా గాని బావూ, ఇక్కడ ఊపితే ఆగిపోద్ది."

"ఎవరూపినా?"

"ఎవులూపినా."

కనకరత్నంగారు గాల్లో వేలాడుతున్న రోలరును చూశారు, తన చేతులు చూసుకున్నారు. "ఓరి నీ! ఇన్నేళ్లుగా పార్లమెంటులో గొంతు చించుకుంటున్నా ఒక్క ఫ్యాను కూడా ఆగలేదు. ఇక్కడ చెయ్యూపితే ఏనుగు ఆగిందయ్యా!" అని పకపకా నవ్వారు. పక్కనున్న సభ్యులూ నవ్వారు. "సరే, ఇక నడిపించమను."

"నాను సెప్తే నడవదు బావూ. ఆపినోళ్లే ఒగ్గాల. మీరే వొచ్చి, సుట్టూ తిరిగి సూసుకుని, ఒగ్గాల."

"సర్, టైమవుతోంది," అన్నాడు ఢిల్లీ దొర.

"ఉండవయ్యా. ఆపినవాణ్ణి నేను గదా," అని పెద్దాయన పోలయ్య వెంట నడిచారు.

పైనుంచి రజనికి రెండు హెల్మెట్లు కనిపించాయి, ఒకటి మెరిసేది, ఒకటి వెలిసిపోయింది. రెండూ రోలరు పక్కన వంగాయి. తాళ్లు తడిమాయి. నెమ్మదిగా అవతలి వైపు తిరిగాయి, అక్కడ ఆమెకు కనిపించకుండా పోయాయి. అవతల నిలబడి కనకరత్నంగారు తలెత్తి చూశారట.

"అమ్మాయి కనిపించడం లేదే!"

"మీకు ఆవిడ అవుపడకపోతే ఆవిడకి మీరూ అవుపడరు బావూ. అందుకే గదా నానుండడం."

ఆ మాటకు పెద్దాయన మళ్లీ వంగి రోలరు కిందికి చూశారు. నవ్వు తగ్గింది. తర్వాత ఇవతలికి వచ్చి, పోలయ్య చూపించినట్టు అరచెయ్యి చాపి ఒగ్గారు. రోలరు కదిలింది. లేతు మీదికి వచ్చాక పోలయ్య ఉప్పు నలిపాడు, రజని చిటికెడు దించింది. ఎక్కడా చప్పుడు లేకుండా కూర్చుంది. కనకరత్నంగారు చప్పట్లు కొట్టి, ఆమెను కిందికి పిలిపించారు.

రజని నిచ్చెన దిగి వచ్చింది. రమాకాంత్ అన్న మాట చెవిలో గింగురుమంటోంది. అడిగితేనే మాట్లాడాలి.

"బాగా ఆపావమ్మా. ఏ ఊరు మీది?"

"ఇదే ఊరు సర్, భిలాయి. నాన్నగారిది విజయనగరం దగ్గర."

"ఇంతమంది ముందు, ఇంతమంది ఆఫీసర్లుండగా, భయపడకుండా ఆపావే! నీకేమైనా కావాలా? చెప్పు."

ఆయన మాటవరసకు అడిగి ఉంటారు. పెద్దవాళ్లు అలా అడుగుతారు, అడిగించుకున్నవాళ్లు మీ దయ వల్ల బాగున్నామంటారు. కానీ అడగడమైతే అడిగారు కదా. రజని రమాకాంత్ వైపు చూడలేదు.

"నాకేటీ వద్దు సర్. మా మావని ఉంచండి, చాలు. ఈ నెలాఖరుకి పంపించేస్తన్నారు. ఆయన లేకపోతే నాకు కింద కనిపించదు. మీరిందాక అటు నిలబడ్డారు చూడండి, అక్కడ మీరు నాకు కనిపించలేదు. రేపు అక్కడ ఇంకొకరుంటారు. నా చేతి కింద ఎవరైనా పోతే నేను బతకలేను సర్."

"ఎందుకు పంపిస్తున్నారు?" అని కనకరత్నంగారు వెనక్కి తిరిగారు.

రమాకాంత్ తల దించుకున్నాడు. ఢిల్లీ దొర మాత్రం ముందుకొచ్చాడు. ఆయన ముఖంలో మొదటిసారి సంతోషం కనిపించింది, చెప్పుకోదగ్గ మంచి జవాబు దొరికినందుకు.

"సర్, అది మీ కమిటీ సిఫారసే! పోయినసారి మమ్మల్ని ఢిల్లీకి పిలిచినప్పుడు మీరే అడిగారు, ఒక క్రేనుకు ఇద్దరు మనుషులెందుకని. మీ సిఫారసును మేం పూర్తిగా ఒప్పుకున్నాం. కెమెరాలు పెట్టాం. ఈ నెలాఖరుతో అమలు కూడా పూర్తయిపోతుంది."

కనకరత్నంగారి హెల్మెట్ మళ్లీ కళ్ల మీదికి జారింది, ఈసారి దాన్ని ఆయన పైకి తోసుకోలేదు.

"అవును, అడిగాను," అన్నారు. "చేతులూపడానికి కూడా ఒక మనిషా అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

రజనికి ఇన్నాళ్లూ ఎవరి మీద కోప్పడాలో తెలిసేది కాదు. ఢిల్లీలో ఎవడో దుర్మార్గుడున్నాడనుకునేది. ఆ దుర్మార్గుడు తీరా ఎదురుపడేసరికి, తల తీసేసినట్టు నిలబడ్డ ముసలాయన. ఆమెకు ఆయన మీద ఒళ్లు మండింది, జాలీ వేసింది. ఏది ముందో ఆమెకే తెలియలేదు.

పోలయ్యే ఆయన్ని ఒడ్డున వేశాడు. "అడగడం తప్పేటి బావూ? అడగడానికే గదా ఓట్లేసి అంపించినారు. అక్కడ కూకొని అడిగినారు, ఇక్కడికొచ్చి సూసినారు. సూడకుండా ఊరుకున్నోళ్లు ఎంతమంది లేరు?"

కనకరత్నంగారు రజని వైపు తిరిగారు. "అమ్మా, నీతో అబద్ధమాడను. ఇక్కడ ఉత్తరువిచ్చే అధికారం నాకు లేదు. మేం అడుగుతాం, వీళ్లు చెబుతారు. మేం రాస్తాం, వీళ్లు జవాబు రాస్తారు. నేను ఢిల్లీ వెళ్లి, ఆ మాట తెలియక అన్నాను, సిగ్నలిచ్చే మనిషిని తీసెయ్యకూడదు అని నా తోటి సభ్యులను ఒప్పించినా, ఆ ముక్క తిరిగి ఈ షాపు దాకా రావడానికి ఏడాది పడుతుంది. నెలాఖరు అంతదాకా ఆగదు."

"మరేటి దారి?" అంది రజని. సర్ అనడం కూడా మరిచిపోయింది.

పెద్దాయన హెల్మెట్ పైకి తోసుకున్నారు. తర్వాత రమాకాంత్‌కు ఎదురుగా వెళ్లి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ ఊపారు.

"ఈ షాపులో ఎవరూపినా ఆగుతుందన్నారు గదా. ఈ మనిషిని పంపించే పని ఆపాను. మళ్లీ నేనే వచ్చి, చూసుకుని ఒగ్గేదాకా ఆగాలి. ఏమయ్యా, అంతేనా?"

అందరూ గొల్లుమన్నారు. ఢిల్లీ దొర అందరికంటే గట్టిగా నవ్వాడు. ఫోటోలు తీశారు. గుంపు కార్లెక్కి గెస్ట్‌హౌస్‌కు వెళ్లిపోయింది. రమాకాంత్ నవ్వలేదని రజని గమనించలేదు. ఆమె కళ్ల నిండా నీళ్లు.

నెహ్రూ నగర్లో ఇంటికి పోయాక తల్లి సింహాచలమ్మ ఈ కథంతా విని, మూతి మూడు వంకర్లు తిప్పింది.

"సేతులూపడం ఆళ్లకి కొత్తేటే? ఊపుతారు, కారెక్కుతారు. ఆళ్ల పనే అది. నువ్వు దాన్ని పట్టుకుని ఏలాడకు."

"ఆయన అలగ కాదమ్మా."

"ఎలగ? మీ నాన్న ఉన్నప్పుడూ ఒచ్చినారు, ఇలగే. ఏటైనాది?"

తల్లి మాటే నిజమయ్యేట్టుంది. రోజులు గడిచాయి, ఢిల్లీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. రమాకాంత్‌ను పై ఆఫీసుకు రెండుసార్లు పిలిపించారు. వచ్చినప్పుడల్లా ముఖం మాడ్చుకునే వచ్చాడు. "ఎందుకు చెప్పారు రజనీజీ ఆ మాట, అంత పెద్ద సార్ ముందు?" అని మాత్రం ఒకసారి అన్నాడు. ఆమెకు ఒళ్లు మండి, "మీరు చెప్పుంటే నేనెందుకు చెప్తాను సర్?" అనేసింది. ఆయన వెళ్లిపోయాడు. ఇలాంటి మనిషి కింద పనిచేయాల్సి వచ్చిందేమా అని ఆ పూటంతా సణుగుతూనే క్రేను నడిపింది.

నెలాఖరు రానే వచ్చింది. సింహాచలమ్మ పోలయ్యకని చేగోడీలు చేసి పంపింది. నోటితో ఎన్నన్నా, మొగుడి ముఠాలో ఆఖరి మనిషి కదా. షాపులో అందరూ తలా ఒకటి తిన్నారు. కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు విక్రమ్ గేటు పాసు వెనక్కి తీసుకోవడానికి మధ్యాహ్నం నుంచే వచ్చి కూర్చున్నాడు. పాసు ఇచ్చేస్తే ఇక గేటు దాటి లోపలికి రావడం ఉండదు. పోనీ ఆ విక్రమైనా చెడ్డవాడా అంటే, పాపం, కళ్లెత్తి పోలయ్యను చూడలేక ఫోను చూసుకుంటున్నాడు.

"ఇదొక్కటీ దించీసి ఇచ్చేత్తాను బావూ," అన్నాడు పోలయ్య. ఒక రోలరు మిగిలింది, దాన్ని బండి మీద పెట్టాలి. రజని క్యాబిన్లోకి ఎక్కింది. పోలయ్య వేలు సుడి తిరిగింది, ఆమె ఎత్తింది. కళ్లు మసకేస్తుంటే మాటిమాటికీ మోచేత్తో తుడుచుకుంటూ ఆ వేలినే చూస్తోంది. రోలరు బండి మీదికి వచ్చింది. ఇక ఉప్పు నలపడమే తరువాయి. పోలయ్య చెయ్యి పైకి లేచింది.

దాని వెనకాల ఇంకో రెండు చేతులు లేచాయి. అటూ ఇటూ ఊగాయి.

ఆమె ఆపేసింది. ఆపిన తర్వాత చూసింది. రమాకాంత్.

ఒక చేతిలో వాకీటాకీ ఉంది. ఆయన దాని మీట నొక్కి పట్టుకుని, ఆమెకూ వినపడాలనే కాబోలు, నడుస్తూ విక్రమ్ దగ్గరకు వచ్చాడు. పోలయ్యకు బదులుగా తెచ్చిపెట్టిన ఆ పెట్టెలోంచి మాటలు గరగరమంటూ క్యాబిన్లోకి వచ్చాయి.

"పాసు తీసుకోవద్దు."

"సర్, ఇవాళ ఆఖరు రోజు. ఆర్డరుంది."

"ఆర్డరుంది. దాని మీద స్టాప్ కూడా ఉంది. పార్లమెంటు కమిటీ సభ్యుడు ఈ షాపులో నిలబడి, అందరి ముందూ రెండు చేతులూ ఎత్తి ఆపారు. ఇక్కడ ఎవరు ఆపినా ఆగాలి. వాళ్లే వచ్చి ఒగ్గాలి. ఆయనింకా రాలేదు."

"అది తమాషాకి చేశారు కదా సర్!"

"నేను కూడా ఒకప్పుడు ఉత్త భయంతో ఆపాను. అది తమాషా అని ఈయన అనలేదు." రమాకాంత్ పోలయ్య వైపు చూపించాడు. "సభ్యుడు కళ్లారా చూసి ఆపారని, ఆయన తేల్చేదాకా ఈ మనిషిని కదిలించనని, పూచీ నాదని ఢిల్లీకి రాశాను. కాదని రాయడానికి అక్కడ ఎవరికీ చెయ్యి రాలేదు. అవుననీ రాయలేదు. రెండుసార్లు పిలిచి నోటితో తిట్టారు, అంతే. మీకు కాగితం కావాలా? ఇస్తా. నా సంతకంతో ఇస్తా."

విక్రమ్ ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. "ఇవ్వండి సర్. అదే చాలు నాకు," అన్నాడు. ఒక్కసారిగా వాడి ముఖం తేటబడింది.

పైన రజని ఏడ్చేసింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఈయనకా నోట్లో నాలుక లేదన్నాను, ఈయన మీదా సణుక్కున్నాను అని కొత్త హెల్మెట్ ఊడదీసి ఒళ్లో పెట్టుకుని మరీ ఏడ్చింది. వాకీటాకీలో ఈసారి పోలయ్య గొంతు వినిపించింది.

"ఆ పెద్దాయన మల్లీ ఎప్పుడొత్తారంటారు బావూ?"

"తెలీదు. వచ్చే నెల రావచ్చు. వచ్చే ఏడాది రావచ్చు."

"తొందరపడి రావద్దని సెప్పండి. నెమ్మదిగా రమ్మనండి."

షాపంతా ఘొల్లుమంది. రమాకాంత్ కూడా నవ్వాడు. నవ్వుతూనే వాకీటాకీ జేబులో పెట్టుకోబోతే పోలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. రోలరు వైపు చూపించాడు. అది బండికి జానెడెత్తున అలాగే వేలాడుతోంది. ఆపింది రమాకాంతే మరి. ఆయన సిగ్గుపడి ముందుకు నడిచాడు. రోలరు చుట్టూ తిరిగాడు, తాళ్లు తడిమాడు, రజనికి కనిపించని ఆ అవతలి వైపుకు పోయి వంగి చూసి, తిరిగి ఇవతలికి వచ్చి అరచెయ్యి చాపి ఒగ్గాడు.

రజని ముఖం తుడుచుకుని మీటల మీద చేతులు వేసింది. కింద పోలయ్య కూరలో ఉప్పు వేస్తున్నట్టు వేళ్లు నలిపాడు. ఆమె చిటికెడు దించింది.